కుంజితపాదం నవ్వు

దీపావళికి ఒకసారి, పొంగల్‌కి ఒకసారి, సంవత్సరాదికి చిత్తిరై నెల పుట్టగానే ఇంకోసారి మా ఆయన చచ్చేవాడు. కొత్త సినిమాలు ఆ పండగలకే కదా వచ్చేవి. ఒకదాంట్లో హీరో కత్తితో పొడిచేవాడు. ఇంకోదాంట్లో కొండ మీద నుంచి జారిపడేవాడు. మరోదాంట్లో తను దాచిన బాంబు తన చేతిలోనే పేలేది. పండగ పూట తలంటుకుని, కొత్త చీర కట్టుకుని నేను ఇంట్లో కూర్చుంటే, వీధి చివరి టాకీసులోంచి నా మొగుడి చావుకి జనం వేసే ఈలలు వినపడేవి. ఆ ఈలలు వింటూ పాయసం తాగమంటే ఎవరికి దిగుతుంది?

నా పేరు తైయల్‌నాయకి. నటుడు కుంజితపాదం భార్యని. మద్రాసులో ముసలివాళ్లకి ఆ పేరు చెప్పి చూడండి, ఇప్పటికీ ముఖం అదోలా పెడతారు.

తప్పు ఆయన ముఖానిది. చిన్నప్పుడు వచ్చిన అమ్మవారి మచ్చలు, కలిసిపోయిన కనుబొమలు, చేటంత కళ్లు. దానికి తోడు నాటకాల కంపెనీలో పెరిగి సాధించిన గొంతు. ఆయన పాలవాణ్ణి "నీళ్లు కలిపావా?" అని మామూలుగా అడిగినా వాడు చెంబు వదిలేసి పారిపోయేలా ఉండేది. ఇంట్లో చూస్తే నోట్లో నాలుక లేని మనిషి. బొద్దింక కనపడితే చంపడానికి చేతులు రాక, కాగితం మీదకి ఎక్కించి, బుజ్జగిస్తూ తీసుకెళ్లి గోడ అవతల వదిలేవాడు. షూటింగ్ లేని రోజు ఇడ్లీ పిండి ఆయనే రుబ్బేవాడు. పొత్రం పట్టుకుంటే నా భుజం నొప్పి పుడుతుందని ఆయనకి బెంగ.

ఇదంతా ఎవరికి చెప్పను? ఒకసారి వీధి పంపు దగ్గర పిడి జారి నా మోచేతికి తగిలి కమిలిపోయింది. పక్కింటి పచ్చైయమ్మాళ్ నా చెయ్యి పట్టుకుని చూసింది.

"కొట్టాడా?" అంది గొంతు తగ్గించి.

"పంపు కొట్టింది."

"ఊఁ. అందరూ అలాగే చెప్తార్లే పాపం. దాచుకుంటే మాత్రం దాగుతుందా?"

"ఏమమ్మా, నీ ఎదురుగానే కదా జారింది పిడి! కళ్లు ఎక్కడ పెట్టుకున్నావ్?"

"చూశాన్లే. అయినా నీ కష్టం నాకు తెలీదా," అని కళ్లొత్తుకుంది. తన కళ్లతో చూసింది కూడా నమ్మలేదు ఆవిడ. సినిమాలో చూసింది నమ్మింది.

ఆవిడ పరాయిది, పోనీ అనుకున్నాను. మా చెల్లెలు తన కూతురికి చెవులు కుట్టిస్తూ నన్ను పిలవడానికి వచ్చి, వెళ్లేముందు గుమ్మంలో నిలబడి నసిగింది. "అక్కా, నువ్వు తప్పకుండా రావాలి. బావ మాత్రం... పిల్లలు చాలామంది వస్తారు కదా. జడుసుకుంటారేమోనని." నాకు ఒళ్లు మండిపోయింది. దాన్ని నాలుగు దులిపి పంపించి లోపలికి వస్తే, ఈయన విననే విన్నాడు. "నిజమే కదే, పసిపిల్లలు," అన్నాడు. పాపకి వెండి మొలతాడు కొని నా చేతికిచ్చి పంపించి, తను ఇంట్లో ఉండిపోయాడు. నేను అక్కడ అన్నం ముట్టలేదు.

అందుకని దేవుణ్ణి నేను ఒక్కటే అడిగేదాన్ని. ఒక్క సినిమాలో, ఒక్కటంటే ఒక్కదాంట్లో, ఈయన మంచివాడిగా ఉండి చివరికి ప్రాణంతో ఇంటికి వెళ్లాలి. ఇంట్లో నేను చూసే మనిషిని ఊరు ఒక్కసారి చూడాలి. అంతకుమించి నాకు ఏ కోరికా లేదు.

దర్శకుడు అంబలవాణన్ మా ఇంటికి వచ్చిన రోజు దేవుడు విన్నాడనే అనుకున్నాను. బక్కపల్చటి కుర్రాడు. కాలేజీ చదువు చదివాడు. మౌంట్ రోడ్డులో వేసే ఇంగ్లీషు సినిమాలన్నీ చూస్తాడట. ఇంట్లో కూడా నల్ల కళ్లద్దాలు తియ్యడు. కాఫీ తాగుతూ కథ చెప్పాడు.

"అన్నా, ఇది హత్య కథ. శాంతోంలో ఒక బంగళా. ముసలాయన్ని ఎవరో చంపేస్తారు. ఇంట్లో ఉన్న నలుగురి మీదా అనుమానమే. అందరికంటే ఎక్కువ నీ మీద."

"అది చెప్పాలా? నేనేలే. ఎలా చస్తాను తమ్ముడూ, ఉరా, తుపాకీయా?"

"చావవు."

మా ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"చంపింది నువ్వు కాదన్నా. ఆ ఇంటికి వచ్చే డాక్టరు. నువ్వు అక్కడ గుమస్తావి. సినిమా మొదలైన దగ్గర్నుంచి జనం నిన్నే చూస్తుంటారు. నీ ముఖం చూసి వీడే అనుకుంటారు. చివర్లో డాక్టరు దొరికిపోతాడు. పోలీసులు నిన్ను వదిలేస్తారు. నువ్వు ఏమీ మాట్లాడవు. గొడుగు తీసుకుని ఇంటికి నడిచి వెళ్తావు. జనం సిగ్గుపడాలి."

"ఇంటికా?" అన్నాడు మా ఆయన, చిన్నపిల్లాడిలా.

"ఇంటికే అన్నా."

నేను వంటింట్లో ఉండలేకపోయాను. గుమ్మంలోకి వచ్చి అడిగేశాను. "తమ్ముడూ, తర్వాత మాట మార్చవు కదా?"

"అక్కా, ఈ సినిమాకి ప్రాణమే అది. అది మార్చమంటే ఫీల్డే వదిలేసి మా ఊరెళ్లి అరటితోట చూసుకుంటా."

ఆ అరటితోట పాపం ఈ కుర్రాడి కోసం ఎదురుచూసీ చూసీ ఎండిపోయి ఉంటుంది.

ఆ షూటింగ్ రోజుల్లో మా ఇల్లు ఇల్లులా ఉండేది. ఏ తప్పూ చెయ్యనివాడు ఎలా నడుస్తాడో తెలియక మా ఆయన వసారాలో అటూ ఇటూ నడిచి చూసుకునేవాడు. నడిస్తే చాలు, ఎవరినో చంపడానికి వెళ్తున్నట్టే ఉండేది. అలవాటు అలాంటిది. "బజారు నుంచి వచ్చేటప్పుడు నేనెలా నడుస్తానే?" అని నన్నడిగేవాడు. "కూరల సంచీ మోస్తున్నవాడు నడిచినట్టు," అనేదాన్ని. చివరికి నిజంగానే సంచీలో వంకాయలు వేసుకుని వసారాలో నడిచాడు. అప్పుడు కుదిరింది. స్టూడియోలో ఆ నడక చూసి అందరూ చేస్తున్న పని ఆపేశారట. ఇంటికొచ్చి ఆ మాట నాకు రెండుసార్లు చెప్పాడు.

సినిమా పూర్తయ్యాక నిర్మాత మాణిక్క ముదలియార్ పంపిణీదారులకి వేసి చూపించాడు. మా ఆయన కూడా వెళ్లాడు. తిరిగొచ్చి చెప్పులు విప్పకుండా అరుగు మీద కూర్చుండిపోయాడు. విషయం నాకు అర్థమైపోయింది.

"మదురై ఆయన ఒప్పుకోలేదు," అన్నాడు.

"ఏమన్నాడు?"

"కుంజితపాదం చావకుండా గొడుగేసుకుని ఇంటికెళ్లిపోతే మా ఊరోళ్లు కుర్చీలు పీకేస్తారు సార్, అన్నాడు. డాక్టరు చంపాడంటే ఎవడు నమ్ముతాడు, వీడే చంపి ఆ అమాయకుడి మీదకి తోశాడనుకుంటారు, అన్నాడు. కోయంబత్తూరు ఆయన కూడా తలూపాడు."

"మరి అంబలవాణన్?"

"ఏం చేస్తాడు, కుర్రాడు. మారుస్తా అన్నాడు. చంపింది నేనే. మెట్ల మీద ఇన్‌స్పెక్టరు కాలుస్తాడు. దొర్లుకుంటూ కిందికొస్తాను."

కాఫీ చల్లారేలోపు మారిందన్నమాట ఆ సినిమా ప్రాణం. "మీరు వెళ్లకండి. మీరు లేకుండా ఎలా తీస్తారో చూద్దాం," అన్నాను.

"నేను పోకపోతే ఇంకొకణ్ణి పెట్టి, వాడి వీపు చూపించి తీసేస్తారే. నా చావు ఎవడో చచ్చేకంటే నేనే చస్తే నయం కదా."

ఇలాంటి మనిషితో పోట్లాడటం ఎలాగో నాకు చేతకాలేదు. తగువు వదిలేసి, ఆ షూటింగ్‌కి నేనూ వస్తానన్నాను. దానికి కారణం ఉంది.

సినిమావాళ్లకి ఒక ఆనవాయితీ ఉంది. చచ్చినట్టు నటించినవాణ్ణి అలాగే వదిలెయ్యకూడదు. ఆ షాట్ కాగానే మనిషిని లేపి, ముఖం కెమెరా వైపు తిప్పించి, నవ్విస్తారు. ఆ కాస్తా కూడా ఫిల్మ్ మీదకి ఎక్కిస్తారు. చావు ఆఖరి బొమ్మ కాకూడదు, నవ్వు కావాలి. దోషం పోతుంది. తర్వాత ఎడిటింగ్‌లో ఆ ముక్క కత్తిరించి పారేస్తారు, ఎవరూ చూడరు. మా ఆయన చచ్చి వచ్చిన ప్రతిసారీ గుమ్మంలోనే అడిగేదాన్ని, "నవ్వారా?" అని. "నవ్వానే," అన్నాకే వేణ్ణీళ్లు తోడేదాన్ని. ఈ నల్ల కళ్లద్దాల అంబలవాణన్‌కి అలాంటి నమ్మకాలు లేవని విన్నాను. అందుకే వెళ్లాను.

వడపళనిలో స్టూడియో. పెద్ద మెట్ల సెట్టు. తుపాకీ పేలింది. మా ఆయన దొర్లుకుంటూ వచ్చి కిందపడి, కళ్లు తెరుచుకునే చచ్చిపోయాడు. నేను చీర కొంగు కళ్లకి అడ్డం పెట్టుకున్నాను. "ఓకే, ప్యాకప్," అని అరిచాడు అంబలవాణన్.

"నవ్వు తియ్యలేదు తమ్ముడూ," అన్నాను.

"అక్కా, అవన్నీ ఇప్పుడెందుకు? ల్యాబ్ వాళ్లు కాచుకుని కూర్చున్నారు. దీపావళికి ప్రింట్లు రైలెక్కాలి."

"చావు తియ్యడానికి తీరిక దొరికింది కదా. నవ్వు తియ్యడానికీ దొరుకుతుంది."

వెళ్లి ఆ మెట్ల మీద కూర్చున్నాను. అది తీసేదాకా లేవనన్నాను. లైట్లు పట్టుకునేవాళ్లు ముఖాలు చూసుకున్నారు. కెమెరా పెద్దాయన మాత్రం, "తీసేద్దాం సార్, ఆడపడుచు అడుగుతోంది," అని కెమెరాని మా ఆయన ముఖానికి దగ్గరగా జరిపాడు.

తీరా చూస్తే మా ఆయనకి నవ్వు రాలేదు. ఇన్ని చావుల్లో ఎప్పుడూ రాకుండా పోలేదు. ముఖం మీద రంగు నెత్తురు, నేల మీద వెల్లకిలా పడి, పైన లైట్లకేసి చూస్తూ ఉండిపోయాడు. "నవ్వన్నా, నవ్వు," అని అంబలవాణన్ తొందరపెడుతున్నాడు. ఈ ఒక్క చావు ఆయనకి ఇష్టంలేని చావు. అది నాకు తెలుసు, ఆ గదిలో ఇంకెవరికీ తెలియదు. లేచి వెళ్లి కెమెరా పక్కన నిలబడ్డాను.

"ఏమండీ, లేవండి. పొద్దున మీరు రుబ్బి పెట్టిన పిండి పొంగి గిన్నె దాటేసి ఉంటుంది. పచ్చైయమ్మాళ్ పిల్లి అందులో పడి ఈపాటికి ఇడ్లీ అయిపోయుంటుంది."

ఆయన మెల్లగా తల తిప్పి నన్ను చూశాడు. ముందు కళ్లు నవ్వాయి. తర్వాత పెదాలు. తర్వాత ముఖమంతా. ఇంట్లో నేను తప్ప ఎవరూ చూడని నవ్వు అది. కెమెరా గిరగిరా తిరుగుతూనే ఉంది. నా మనసు కుదుటపడింది. ఇప్పుడైనా సరే, ఆ రోజు మళ్లీ వస్తే ఆ మెట్ల మీదే కూర్చుంటాను. ఆ విషయంలో నాకు ఏ పశ్చాత్తాపమూ లేదు.

దీపావళి మధ్యాహ్నం ఆటకి పచ్చైయమ్మాళ్ నన్ను లాక్కుపోయింది. "మొగుడు చచ్చేటప్పుడు కళ్లు మూసుకుందువులే," అంది. ఆ వంకాయల సంచీ నడక ఒక్కసారి తెర మీద చూడాలని నాకూ ఉంది. ఆడవాళ్ల బెంచీల్లో కూర్చున్నాం. ఆ నడక వచ్చింది. ఎంత బాగా నడిచాడు! నా వెనక ఎవరో, "చూడు, ఎంత నంగనాచిలా పోతున్నాడో," అంది.

మెట్ల సీను రాగానే కళ్లు మూసుకుని కొంగు కప్పుకున్నాను. తుపాకీ పేలింది. హాలంతా చప్పట్లు, ఈలలు, తెర ముందు చిల్లర చల్లిన చప్పుడు. హమ్మయ్య, ఈసారికి అయిపోయింది అనుకున్నాను. అంతలో చప్పట్లు ఒక్కసారిగా తెగిపోయాయి. మరుక్షణం హాలంతా కెవ్వుమంది.

కళ్లు తెరిచాను. తెర నిండా మా ఆయన ముఖం. నెత్తుటి ముఖం. మెల్లగా తల తిప్పి నన్ను చూశాడు. ముందు కళ్లు నవ్వాయి, తర్వాత పెదాలు, తర్వాత ముఖమంతా.

ఒక్క క్షణం, నిజం చెప్తున్నాను, నాకు ఆనందం పట్టలేదు. ఇదిగో, ఇదే మా ఆయన, చూడండి అని లేచి అరవబోయాను. పచ్చైయమ్మాళ్ నా చెయ్యి గోళ్లు దిగేలా పట్టుకుంది.

"అమ్మో! చచ్చి కూడా నవ్వుతున్నాడే! ఏం నవ్వే అది, రాక్షసుడి నవ్వు!"

చుట్టూ పిల్లలు గుక్కపెట్టి ఏడుస్తున్నారు. ఒకావిడ చంటిదాని ముఖాన్ని గుండెకి హత్తుకుని మూసేసింది. తెర మీద శుభం కార్డులా 'వణక్కం' అని పడి లైట్లు వెలిగాయి. ఒక్కరూ నన్ను చూడలేదు. అందరూ ఇంకా ఖాళీ తెరకేసే చూస్తున్నారు.

సాయంత్రం అంబలవాణన్ టాక్సీలో పరిగెత్తుకుంటూ వచ్చాడు. కళ్లద్దాలు లేకుండా అతన్ని చూడటం అదే మొదటిసారి. ముఖం పాలిపోయి ఉంది.

"అన్నా, ఘోరం జరిగిపోయింది. హడావుడిలో ఆ ముక్క కత్తిరించలేదు. చావుకి అతికే ఉండిపోయింది. అన్ని ప్రింట్లూ అలాగే వెళ్లిపోయాయి. రేపు పొద్దున్నే అన్ని ఊళ్లకీ తంతి కొట్టి తీయించేస్తా. అక్కా, క్షమించు."

"తీయించు తమ్ముడూ. ఈసారైనా మాట మీద ఉండు," అన్నాను.

మర్నాడు టాకీసు ముందు జనాన్ని అదుపు చెయ్యడానికి లాఠీలతో పోలీసులు. ముందురోజు చూసి భయపడ్డవాళ్లు, ఇంటిల్లిపాదినీ భయపెట్టడానికి వెంటేసుకుని వచ్చారు. ఆ ముక్క మీద కత్తెర పెడితే చేతులు విరిచేస్తానన్నాడట ముదలియార్. ఆ వారం ఒక పత్రిక రాసింది, చెడుకి చావులేదన్న నిజాన్ని మాట లేకుండా ఒక్క నవ్వులో చెప్పిన దర్శకుడని. ఇంకొకరు ఇంటర్వ్యూకి వెళ్తే అంబలవాణన్ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, ఆ నవ్వు కోసం తను నెలల తరబడి నిద్రపోలేదని చెప్పాడు. అది చదివి నేను పత్రికని పొయ్యిలో పెట్టాను. దాని మీద కాఫీ కూడా కాగలేదు.

ఇప్పటికీ ఆ సినిమాని ఆణిముత్యమంటారు. తమిళంలో అలాంటి హత్య కథ మళ్లీ రాలేదంటారు. పండితులు కూర్చుని ఆ నవ్వుకి అర్థాలు చెప్తుంటారు. దాని అర్థం ఇడ్లీ పిండి అని నేను చెప్తే ఎవరు వింటారు?

మా ఆయన మాత్రం ఆ దీపావళి రాత్రి అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"అంత భయంగా ఉంటుందా తైయల్, నేను నవ్వితే?"

"వాళ్లకి కళ్లు లేవండీ."

"అందరికీనా?" అన్నాడు.

ఆ తర్వాత వచ్చిన ప్రతి నిర్మాతకీ ఆ నవ్వే కావాలి. హత్య చేసి నవ్వాలి, ఇల్లు తగలబెట్టి నవ్వాలి, ఉరికంబం మీద నవ్వాలి. అడగ్గానే రావడానికి అది నటన కాదు కదా, ఆయనకి చేతకాలేదు. చివరికి తన నవ్వు తను నేర్చుకోవడానికి తలకి తువ్వాలు చుట్టుకుని టాకీసుకి వెళ్లి ఆ సినిమా చూసి వచ్చేవాడు. ముందు కళ్లు, తర్వాత పెదాలు, తర్వాత ముఖం. వసారాలో అద్దం తగిలించుకుని సాధన చేశాడు. నాటకాల కంపెనీ మనిషి, పట్టుదల ఎక్కువ. కొన్నాళ్లకి అచ్చంగా పట్టేశాడు. వీధిలో తల్లులు పిల్లలకి అన్నం పెడుతూ, "తింటావా, కుంజితపాదాన్ని పిలిచి నవ్వమననా?" అనేవాళ్లు. పిల్లలు గబగబా మింగేవాళ్లు.

నేను మాత్రం మారలేదనుకున్నాను. ఊరు ఊరంతా ఎలా చూసినా నా కళ్లు నావే అనుకున్నాను. దాని మీద నాకు గర్వం కూడా ఉండేది.

ఒకరోజు పొద్దున బిందెతో నీళ్లు పట్టుకుని తడి కాళ్లతో లోపలికి వస్తున్నాను. రోజూ లాగే బిందె అందుకోవడానికి ఆయన గుమ్మంలోకి ఎదురొచ్చాడు. నన్ను చూసి నవ్వాడు. ముందు కళ్లు, తర్వాత పెదాలు.

నా నోట్లోంచి కేక వచ్చింది. అడుగు వెనక్కి పడింది. బిందె జారి గడప మీద పడి, నీళ్లన్నీ ఆయన కాళ్ల మీంచి వసారాలోకి పారాయి.

"నేనేనే, తైయల్," అన్నాడు.

"చూసుకోలేదండీ. గుమ్మంలో చీకటిగా ఉంది," అన్నాను.

బారెడు పొద్దెక్కింది అప్పటికే. ఎండ సూటిగా ఆయన ముఖం మీదే పడుతోంది. ఆయన ఎండకేసి ఒకసారి చూసి, "అవునే, చీకటిగానే ఉంది," అన్నాడు. లోపలికి వెళ్లి గుడ్డ తెచ్చి, తల వంచుకుని నీళ్లన్నీ తుడిచాడు. నేను తుడుస్తానంటే వద్దన్నాడు.

ఆ తర్వాత ఆయన బతికింది తక్కువ కాలమేమీ కాదు. బయటి నుంచి వచ్చిన ప్రతిసారీ, నేను ఉలిక్కిపడకుండా, గుమ్మం అవతలే నిలబడి దగ్గి, ముఖం సరిచేసుకుని లోపలికి వచ్చేవాడు.